పెద్ద కాంబీనా, ట్యాంకుతో చిన్న బాయిలరా? ముందు గ్యాస్ ప్రెషర్ చూడండి

యూకేలో రెండు బాత్రూముల ఇల్లు తీసుకున్నాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: పాత 24 కిలోవాట్ల కాంబీ (ట్యాంకు లేకుండా నీళ్లు అప్పటికప్పుడు వేడిచేసి, ఇల్లూ వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్) తీసేసి 35ది పెట్టిద్దామని. ఇల్లు వెచ్చబడటానికి అంత అక్కర్లేదు. మామూలు ఇంటికి పది కిలోవాట్లు దాటడం అరుదు. మిగతాదంతా వేడినీళ్ల కోసమే. చలికాలపు నీటిని 35 డిగ్రీలు పెంచాలంటే 24 కిలోవాట్లకు నిమిషానికి 9.8 లీటర్లు వస్తాయి, 30కి 12.3, 35కి 14.3.

కాబట్టి ముందు నీళ్లు చూసుకోండి. వంటింటి చన్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి పది సెకన్లు జగ్గులో పట్టి ఆరుతో గుణించండి. నిమిషానికి 11 లీటర్లే వస్తుంటే 35 కిలోవాట్లు కొనడం దండగ. బాయిలర్ నీళ్లను వేడి చేస్తుందే తప్ప పుట్టించదు.

నీళ్లు బాగానే ఉంటే అప్పుడు గ్యాస్ సంగతి. 24 కిలోవాట్ల కాంబీ పూర్తి మంట మీద గంటకు సుమారు 2.6 క్యూబిక్ మీటర్లు తాగుతుంది, 35ది 3.7. వాడకం పెరిగింది 1.4 రెట్లే అయినా అదే పైపులో ప్రెషర్ నష్టం దాదాపు రెట్టింపవుతుంది. చిక్కంతా ఇక్కడే.

గ్యాస్ పారుతున్నప్పుడు మీటర్ దగ్గర 21 మిల్లీబార్లు ఉండాలి, రెండు అటూ ఇటూ కావచ్చు. అక్కడినుంచి బాయిలర్ దాకా నష్టం 1 మిల్లీబార్ మించకూడదు. అంటే బాయిలర్ దగ్గర 18కి తగ్గకూడదు. ఏదీ వెలగనప్పుడు చూసిన ప్రెషర్‌ను నమ్మకండి. గ్యాస్ కదలకపోతే నష్టమే ఉండదు, సన్నటి 15 మిల్లీమీటర్ల పైపు కూడా పరీక్ష నెగ్గినట్టే కనిపిస్తుంది. వేడినీళ్ల కుళాయిలు తిప్పి, బాయిలర్‌ను గరిష్ఠానికి పెట్టి, స్టవ్ బర్నర్లు వెలిగించి, మీటర్ దగ్గర ఒకసారి, బాయిలర్ దగ్గర ఒకసారి కొలవాలి. ప్రెషర్ కొలిచే టెస్ట్ పాయింట్ స్క్రూ విప్పేది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) ఉన్నవాళ్లే, మీరు ముట్టుకోవద్దు.

మీటర్ దగ్గర 21, బాయిలర్ దగ్గర 18.5 వస్తే నష్టం 2.5, తప్పు పైపుది. మీటర్ దగ్గరే 17 ఉంటే ఎంత లావు పైపు వేసినా లాభం లేదు. అది రెగ్యులేటర్ (మీటర్ దగ్గర గ్యాస్ ప్రెషర్‌ను అదుపు చేసే పరికరం) లేదా వీధి సరఫరా సమస్య. రెగ్యులేటర్‌కు సీలు ఉంటుంది, గ్యాస్ నెట్‌వర్క్ తరఫువాళ్లే దాన్ని సరిచేయాలి. ఇవేమీ చూడకుండా బిగిస్తే షవర్ మధ్యలో మంట ఆరి బాయిలర్ లాకౌట్ కావచ్చు (తనంతట తానే ఆగిపోవచ్చు), బిర్యానీ కింద మంట కుంగిపోవచ్చు.

పైపు లెక్క ఇలా ఉంటుంది. 22 మిల్లీమీటర్ల రాగి పైపు 9 మీటర్ల పొడవుకు గంటకు 4.6 క్యూబిక్ మీటర్లు మోయగలదు, 12 మీటర్లకు 3.9. ప్రతి ఎల్బోకీ (పైపు మలుపుకీ) అర మీటరు కలపాలి. 35 కిలోవాట్ల కాంబీకి 3.7, స్టవ్‌కి ఒకటి, మొత్తం 4.7. మీటర్ ఇంటి ముందు గోడకీ, బాయిలర్ వెనకవైపు వంటింట్లోనూ ఉంటే పైపు పొడవు 12 మీటర్లు ఇట్టే దాటుతుంది. అప్పుడు మీటర్ నుంచి స్టవ్ చీలే దాకా 28 మిల్లీమీటర్లు వేయాల్సిందే, అంటే నేల పలకలు లేపాలి. కనిపించే చోట మాత్రం 22 వేసి, నేల కింద పాత 15 ముక్కను వదిలేసే పనివాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క ముక్కే మొత్తాన్ని పాడుచేస్తుంది.

రెండో దారి, 18 కిలోవాట్ల బాయిలర్‌తో 200 లీటర్ల అన్‌వెంటెడ్ ట్యాంకు (వీధి నీళ్ల ప్రెషర్ మీదే నడిచే, మూసి ఉన్న వేడినీళ్ల ట్యాంకు). గ్యాస్ గంటకు 1.9 చాలు, స్టవ్‌తో కలిపినా పాత 22 పైపు సుఖంగా మోస్తుంది. రెండు షవర్లు ఒకేసారి నడుస్తాయి. ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ వేడెక్కడానికి ముప్పావు గంట పడుతుంది, పండక్కి చుట్టాలు దిగినప్పుడు అది తెలిసొస్తుంది. ఒక అల్మరా అంత చోటు పోతుంది, ఏటా సర్వీసు చేయించాలి, అన్‌వెంటెడ్ పనికి విడిగా అర్హత ఉన్న మనిషి కావాలి. దీనికీ వీధి నీళ్లు బాగా రావాలి.

మా ఓటు: రెండు బాత్రూములు, చోటు ఉంటే ట్యాంకే. మీటర్ పక్కనే బాయిలర్ ఉండి, నీళ్లు నిమిషానికి 15 లీటర్లు దాటితే 35 కాంబీ. ఒకటే బాత్రూమైతే 28, 30 దగ్గర ఆగండి, దానికైనా పైపు లెక్క తప్పదు.

బిగించాక మీరే ఒకటి చూడొచ్చు. స్టవ్ ఆపి, వేడినీళ్లు పూర్తిగా వదిలి, రెండు నిమిషాల్లో గ్యాస్ మీటర్ ఎంత తిరిగిందో చూసి 30తో గుణిస్తే గంట వాడకం వస్తుంది. 35 కాంబీకి ఆ రెండు నిమిషాల్లో 0.12 క్యూబిక్ మీటర్ల దగ్గర కదలాలి. 0.09 దగ్గరే ఉండి, నీళ్లూ గోరువెచ్చగానే వస్తుంటే మంట పూర్తిగా రావట్లేదు. ఇన్‌స్టాలర్‌ను పిలిచి, బిగింపు వివరాలు రాసే బెంచ్‌మార్క్ రికార్డులో ఉన్న ప్రెషర్ మంట నడుస్తుండగా తీసిందేనా అని అడగండి.