ట్రైడెంట్ జెడ్5 నియో 6000 సీఎల్30: ధర ఎక్కువే, కానీ ఎందుకో తెలుసుకుని కొనండి

ర్యామ్ కొనేటప్పుడు మనలో చాలామంది ఎన్ని జీబీలు, ఎంత స్పీడు అని మాత్రమే చూస్తాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నేను వెళ్లిన షాపులో కుర్రాడు కూడా అదే అన్నాడు. "అన్నా, రెండూ 6000వే కదా, సీఎల్36ది తీస్కో, తక్కువల వస్తది." సీఎల్ అంటే డేటా అడిగాక మొదటి ముక్క రావడానికి పట్టే క్లాకుల లెక్క, ఎంత తక్కువైతే అంత మేలు. నేను సీఎల్30 సెట్టే తీసుకున్నాను. జీ.స్కిల్ కంపెనీది, ట్రైడెంట్ జెడ్5 నియో, 16 జీబీ స్టిక్కులు రెండు. నా పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. మూడు గంటల ఎక్స్‌పోర్ట్ చివర్లో ఆగిపోతే పోయేది నా నిద్రే. అందుకే నాకు స్పీడెంత ముఖ్యమో, అది నిలకడగా ఉండటం అంతకన్నా ముఖ్యం.

ముందు లెక్క చూద్దాం. డీడీఆర్5 (ఈ తరం ర్యామ్) ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది, కాబట్టి డీడీఆర్5-6000లో అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. అంటే ఒక్కో క్లాక్ నానోసెకనులో మూడో వంతు. డేటా అడిగాక మొదటి ముక్క రావడానికి సీఎల్30లో 30 క్లాకులు, అంటే 10 నానోసెకన్లు పడుతుంది. సీఎల్36లో అదే 12. డీడీఆర్5 మొదట్లో వచ్చిన 4800 సీఎల్40 స్టిక్కుల్లో 16.7. పెట్టె మీద పెద్దక్షరాల్లో 6000 అని ఉంటుంది, ఈ తేడా మాత్రం మోడల్ నంబర్ మధ్యలో 3038 అనే చిన్న అంకెల్లో దాగి ఉంటుంది. పూర్తి టైమింగ్స్ (ర్యామ్ లోపల ఒక్కో పనికి పట్టే క్లాకులు) 30-38-38-96, ఓల్టేజ్ 1.35. షాపులో పెట్టె తిప్పి ఆ నాలుగంకెలు చదివాకే డబ్బులివ్వండి.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, చిప్పుల ఏరివేత నుంచి. జీ.స్కిల్ చిప్పులు తయారుచెయ్యదు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ లాంటి కంపెనీల దగ్గర కొని స్టిక్కులు చేస్తుంది. ఒకే వేఫర్ (చిప్పులు చేసే సిలికాన్ పలక) మీద పుట్టిన చిప్పులన్నీ ఒకేలా ఉండవు. కొన్ని తక్కువ ఓల్టేజీకే పరిగెత్తుతాయి, కొన్ని మామూలు వేగం దాటితే తడబడతాయి. తోటలో ఒకే చెట్టు మామిడికాయల్ని ఏరి, సైజును బట్టి వేరు వేరు ధరలకు అమ్మినట్టే ఇదీ. చిప్ కంపెనీ వేడి మీదా చల్లదనం మీదా పరీక్షించి స్పీడ్ గ్రేడ్ ఇస్తుంది. స్టిక్ కంపెనీ మళ్లీ తన పద్ధతిలో జల్లెడ పడుతుంది. దీన్నే బిన్నింగ్ అంటారు. ఇది ఇవాళ్టిది కాదు. 1990ల నాటి ర్యామ్ చిప్పుల మీద కూడా -60, -70 అని ముద్ర ఉండేది, ఎన్ని నానోసెకన్ల చిప్పో చెప్పడానికి.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. డీడీఆర్5కి ప్రామాణిక ఓల్టేజ్ 1.1. ఈ సెట్టు 1.35 మీద నడుస్తుంది. ఎక్స్‌పో అంటే ఏఎండీ ప్రాసెసర్ల కోసం స్టిక్కులోనే రాసి ఇచ్చే స్పీడు సెట్టింగు. బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూలో, దాన్ని ఆన్ చెయ్యడమంటే ఓవర్‌క్లాకింగ్ (ప్రామాణిక హద్దు దాటి పరిగెత్తించడం) చెయ్యడమే, కాకపోతే ఆ సెట్టింగులు కంపెనీ ముందే పరీక్షించి ఇచ్చినవి. స్పెసిఫికేషన్ దాటి ఓవర్‌క్లాక్ చేస్తే ప్రాసెసర్ వారంటీ వర్తించదని ఏఎండీ తన షరతుల్లో రాసుకుంది. ఇది తెలిసే ఆన్ చెయ్యండి.

నా మెషీన్‌లో ఎక్స్‌పో ఆన్ చేశాక మొదటిసారి స్క్రీన్ చాలాసేపు నల్లగానే ఉంది. టెన్షన్ పడకండి. మెమరీ ట్రైనింగ్ (కొత్త వేగానికి ర్యామ్‌ను ప్రాసెసర్ సర్దుకోవడం) జరుగుతుంటుంది, మధ్యలో పవర్ తియ్యకూడదు. ఆ తర్వాత ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాములు మెమ్‌టెస్ట్86, టెస్ట్‌మెమ్5 రెండూ రాత్రంతా పెట్టాను. ఒక్క ఎర్రర్ లేదు. 6200కి పెంచితే అదీ నిలబడింది. 6400 దగ్గర ఎర్రర్లు వచ్చాయి. ఆ వేగంలో ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ కూడా ర్యామ్‌తో సమానంగా పరిగెత్తాలి, ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావాటికి అది కష్టం. వీటికి 6000 సరైన చోటని ఏఎండీ వాళ్లే చెప్పారు. కాబట్టి నేను 6000కే వచ్చేశాను.

అసలు లాభం ఆ తర్వాతి పనిలో ఉంది. కంప్యూటర్ లోపలి వివరాలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే నా స్టిక్కుల్లో ఉన్నవి హైనిక్స్ చిప్పులు. ర్యామ్ సెల్స్‌లోని చార్జ్ కారిపోతుంటుంది కాబట్టి మాటిమాటికీ రిఫ్రెష్ చెయ్యాలి. బయాస్‌లో ఏమీ మార్చకుండా వదిలేసినప్పుడు సుమారు 11,700 క్లాకులకోసారి రిఫ్రెష్ జరుగుతుంది, ప్రతిసారీ 884 క్లాకులు అందులోనే పోతాయి. అంటే దాదాపు ఏడున్నర శాతం సమయం ర్యామ్ మనకు అందుబాటులో ఉండదు. ఈ హైనిక్స్ చిప్పులు 500 క్లాకుల్లోనే రిఫ్రెష్ ముగించగలవు. అందుకే దాన్ని 500కి తగ్గించి, మధ్య విరామాన్ని 32,000కి పెంచాను. ఏడున్నర శాతం కాస్తా ఒకటిన్నర దరిదాపుల్లోకి వచ్చింది. టైమ్‌లైన్ మీద అటూ ఇటూ లాగుతున్నప్పుడు ఆ తేడా నాకు తెలుస్తోంది.

దీనికి మన ఎండాకాలమే అడ్డు. చిప్ వేడెక్కేకొద్దీ చార్జ్ త్వరగా కారిపోతుంది. నా గది పై అంతస్తులో, స్లాబ్ కింద. డిసెంబర్‌లో హాయిగా పాసైన సెట్టింగులే మే నెల మధ్యాహ్నం ఎర్రర్లు చూపించాయి. జీ.స్కిల్ ఇచ్చిన ఎక్స్‌పో సెట్టింగు మాత్రం ఆ వేడిలోనూ చెక్కుచెదరలేదు. డబ్బు పెట్టి గ్రేడ్ కొనడమంటే నా దృష్టిలో ఇదే. ఇప్పుడు వేసవిలో విరామాన్ని మళ్లీ 11,700కి తగ్గిస్తున్నాను, ర్యామ్ వైపు ఒక ఫ్యాన్ అదనంగా బిగించాను. మీరు రిఫ్రెష్ సెట్టింగులు మారిస్తే పరీక్ష మాత్రం ఎండ ఎక్కువున్న పూటే పెట్టండి.

నచ్చనివీ ఉన్నాయి. లోపల ఎవరి చిప్ ఉందో పెట్టె మీద తెలిసేలా రాయరు. ఇంత ఖరీదు పెట్టేవాడికి అది చెప్పాల్సిందే. ఇంకో ర్యామ్ కంపెనీ కోర్సేర్ స్టిక్కుల మీద కనీసం వెర్షన్ నంబర్ ఉంటుంది, అది 5తో మొదలైతే హైనిక్స్ అని పట్టుకోవచ్చు. హీట్‌స్ప్రెడర్ (స్టిక్ మీది లోహపు తొడుగు) ఎత్తుగా ఉంటుంది, పెద్ద ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లు కొలుచుకునే కొనాలి. ఇక ఆటలకు ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్ వాడేవాళ్లయితే సీఎల్36 సెట్టు చాలు, ఆ ప్రాసెసర్‌లోని పెద్ద క్యాష్ (లోపలే ఉండే వేగమైన మెమరీ) వల్ల ర్యామ్ తేడా అంతగా తెలియదు.

32 జీబీలు చాలవనుకుంటే తర్వాత ఇంకో సెట్టు తెచ్చి కలపొచ్చులే అనుకోవద్దు. రైజెన్ 7000లో రెండు స్టిక్కులకు అధికారికంగా 5200 స్పీడు ఇస్తే, నాలుగు పెడితే 3600కే హామీ. అప్పుడీ గ్రేడంతా వృథా. 64 కావాలంటే ఇదే శ్రేణిలో 32 జీబీలవి రెండున్న సెట్టు మొదటే తీసుకోండి. దాని టైమింగ్స్ 30-40-40-96, ఓల్టేజ్ 1.4.