వాన్‌జేలో రెండు రోజులు: సరస్సు, బస, ఒకే ఒడ్డున రెండు ఇళ్లు

బెర్లిన్ వచ్చే మనవాళ్లు చాలామంది బ్రాండెన్‌బర్గ్ గేటు, గోడ మిగిలిన చోట్లు చూసేసి, ఒక రోజు పోట్స్‌డామ్ కోటలకి పెట్టుకుంటారు. ఆ దారిలోనే వాన్‌జే స్టేషన్ వస్తుంది, ఎవరూ దిగరు. ఇక్కడ మూడేళ్లుగా ఉంటున్నా నేనూ దిగలేదు. ఈ వేసవిలో నాన్న వచ్చినప్పుడు, "ఊళ్లో తిరిగి తిరిగి కాళ్లు పోయాయిరా, నీళ్లు కనిపించే చోట రెండు రోజులు కూర్చుందాం" అంటే సరే అని వెళ్లాం.

వెళ్లడం తేలిక. సెంట్రల్ స్టేషన్ నుంచి ఎస్7 లోకల్ నేరుగా వెళ్తుంది, రీజినల్ రైలు ఎక్కితే సుమారు ఇరవై నిమిషాలే. వాన్‌జే ఇంకా బెర్లిన్ నగరంలోనే, టికెట్ల లెక్కలో బి జోన్‌లో ఉంది కాబట్టి ఎ, బి జోన్లు రెండిటికీ చెల్లే ఏబీ డే టికెట్ తీసుకోండి, అక్కడి బస్సుకీ, నీళ్ల అవతల ఉన్న క్లాడోకి వెళ్లే పడవకీ అదే చెల్లుతుంది.

బస దగ్గర మాత్రం కాస్త టెన్షన్ పడ్డాం. మేం బుక్ చేసిన చిన్న గెస్ట్‌హౌస్‌లో రిసెప్షన్ సాయంత్రమే మూసేస్తారు, తాళం పెట్టెకి కోడ్ మెయిల్‌లో వస్తుందన్నారు, రాలేదు. సామాన్లతో మెట్ల మీద నలభై నిమిషాలు కూర్చున్నాం. గది శుభ్రంగా ఉంది, రాత్రి పిట్ట కూత తప్ప చప్పుడు లేదు, అందుకే మళ్లీ అయినా అక్కడే దిగుతాను, కానీ ముందురోజే ఫోన్ చేసి కోడ్ తీసుకుంటాను. ఇంకో మాట, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పాలూ బ్రెడ్డూ శనివారమే కొని పెట్టుకోవాలి. విద్యార్థులైతే బీచ్ వైపు ఉన్న యూత్ హాస్టల్ చూసుకోవచ్చు.

పేరులోని 'జే' అంటే సరస్సు. నిజానికి పెద్ద వాన్‌జే హావెల్ నది పక్కకి ఉబ్బి ఏర్పడ్డ నీటి పాయ. 1863లో విల్హెల్మ్ కాన్రాడ్ అనే బ్యాంకరు ఇక్కడ స్థలం కొని ధనవంతుల కోసం ఆల్సెన్ అనే విల్లాల కాలనీ మొదలుపెట్టాడు. 1874లో రైలు మార్గం వచ్చాక బెర్లిన్ వ్యాపారులూ, కళాకారులూ వేసవి ఇళ్లు కట్టుకున్నారు. ఆ స్వభావం ఇప్పటికీ పోలేదు. వీధులన్నీ ఎత్తైన పచ్చని కంచెలు, గేట్లు, పడవల క్లబ్బులు. ఒడ్డు చాలావరకు ప్రైవేటుది కావడంతో సరస్సు పక్కనే నడుస్తున్నా సరస్సు కనిపించదు, నాన్నకి అది బాగా చిరాకు తెప్పించింది.

నీళ్లు కావాలంటే ప్రజల కోసం ఉన్న బీచ్‌కి వెళ్లాలి. దానికి వాన్‌జే స్టేషన్ కన్నా దానికి ముందొచ్చే నికోలాస్‌జేలో దిగితే దగ్గర. 1907లో మొదలైంది, ఇప్పుడున్న పసుపు ఇటుక భవనాలు 1929-30లో కట్టారు. కిలోమీటరు దాటి సాగే ఇసుక, అదీ బాల్టిక్ సముద్రతీరం నుంచి తెచ్చి పోసింది. విల్లా కొనలేని మామూలు బెర్లిన్ జనానికి ఇదే సముద్రం. లోపలికి టికెట్ ఉంటుంది, వేసవి కాలంలోనే తెరుస్తారు, వేడిగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు, క్యూలోనే సగం రోజు పోతుంది. మేం సోమవారం పొద్దున్నే వెళ్లాం, నాన్న మోకాళ్ల లోతు నీళ్లలో గంటసేపు నిలబడ్డారు. 1930లలో యూదులను ఈ బీచ్‌లోకి రానివ్వలేదని నాకు తెలుసు, ఆయనకి సాయంత్రం చెప్పాను.

మేం వాన్‌జేకి వచ్చింది ఇందుకే అని నాకు తర్వాత అనిపించిన రెండు ఇళ్ల గురించి చెప్పాలి. స్టేషన్ నుంచి 114 నంబరు బస్సు రెండింటికీ వెళ్తుంది. మొదటిది చిత్రకారుడు మాక్స్ లీబర్‌మాన్ వేసవి ఇల్లు, 1909లో కట్టింది. ముందు వైపు పూల మొక్కల మధ్యలోనే క్యాబేజీలు, వెనక నీళ్ల దాకా పచ్చిక. పక్కన ఒక బాట ఉంది, దాని మీద తెల్లని బిర్చ్ చెట్లు ఎక్కడ మొలిచినవి అక్కడే ఉన్నాయి, కొట్టకుండా బాటనే వాటి మధ్యగా వేయించాడు. ఈ తోటనే ఆయన రెండు వందలకి పైగా బొమ్మల్లో గీశాడు. ఆయన యూదుడు. 1935లో చనిపోయాడు. 1940లో నాజీలు ఆయన భార్య మార్తాతో ఈ ఇల్లు బలవంతంగా అమ్మించారు. 1943 మార్చిలో తెరేజియన్‌స్టాట్ శిబిరానికి తరలించబోతున్నారని తెలిసి ఆవిడ మందు మింగి ప్రాణం తీసుకుంది. అప్పటికి ఆవిడకి ఎనభై అయిదేళ్లు.

అక్కడి నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే రెండో ఇల్లు, వాన్‌జే సమావేశం జరిగిన ఇల్లు. 1942 జనవరి 20న పదిహేను మంది నాజీ అధికారులు ఇక్కడ కూర్చుని, గంటన్నరలో యూరప్ యూదుల సంహారాన్ని ఏ శాఖ ఎలా నడపాలో మాట్లాడుకున్నారు. వాళ్లలో సగానికి పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్లు. లీబర్‌మాన్ ఇంటిని గీసిన ఆర్కిటెక్టు పాల్ ఒట్టో బౌమ్‌గార్టెనే ఈ ఇంటినీ గీశాడు. అదే సరస్సు, అదే తరహా కిటికీలు.

సమావేశపు మినిట్స్ నకలు అక్కడ పెట్టారు. దేశాల పట్టిక ఉంటుంది, ఒక్కో దేశం పక్కన ఎంతమంది యూదులో అంకె. నాన్న జర్మన్ రాకపోయినా అంకెలు వేలితో చూపిస్తూ చదువుకుంటూ పోయారు. అల్బేనియా దగ్గర ఆగి, "రెండు వందలే" అన్నారు. ఆ రెండు వందల మందినీ లెక్కలో వేసుకున్నారు. ఎస్టోనియా దగ్గర అంకె లేదు, యూదులు లేని దేశం అని రాసుంది. మొత్తం కోటీ పది లక్షలకి పైన.

ఈ రెండో ఇంట్లోకి ప్రవేశం ఉచితం, ఇంగ్లీషు వివరణ బాగుంది, సిబ్బంది ఓపికగా చెప్తారు, కనీసం రెండు గంటలు పెట్టుకోండి. చిన్నపిల్లలతో వద్దు. లీబర్‌మాన్ ఇల్లు మంగళవారం సెలవు, కాబట్టి ఆ రోజు తప్పించి, ముందు తోట చూసి తర్వాత ఇటు రండి. యుద్ధం తర్వాత చాలా ఏళ్లు సమావేశం జరిగిన ఈ భవనం బడిపిల్లల విడిదిగా ఉండేది. నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికొచ్చిన చరిత్రకారుడు యోజెఫ్ వుల్ఫ్ ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టాలని 1960లలో అడిగి అడిగి అలిసిపోయాడు, 1974లో ఆత్మహత్య చేసుకున్నాడు. స్మారకం తెరిచింది 1992లో. ఇప్పుడు అక్కడి గ్రంథాలయానికి ఆయన పేరే ఉంది.

బయటికొచ్చాక ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. స్టేషన్ దగ్గరి రేవుకి వచ్చి క్లాడో పడవ ఎక్కాం, ఇరవై నిమిషాల ప్రయాణం. పడవ నీళ్ల మధ్యకి రాగానే నాన్న వెనక్కి తిరిగి, ఒడ్డు మీద ఆ రెండు ఇళ్లు ఎక్కడున్నాయో చూపించమన్నారు. చెట్ల మధ్య ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.