అమ్మతో బ్రూజ్‌లో రెండు రాత్రులు

సెప్టెంబరు చివర్లో మేముండే ఐండ్‌హోవెన్ (నెదర్లాండ్స్) నుంచి బెల్జియంలోని బ్రూజ్ వెళ్ళాం. నేను, మా ఆవిడ, మూడు నెలల వీసా మీద వచ్చిన అమ్మ. మా ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేస్తారు. "నాలుగు గంటలు చాలు, హోటలు దండగ" అని నాకూ చెప్పారు. గంట స్తంభం, పడవ, చాక్లెట్ కొట్లు మాత్రమే చూసేట్టయితే నిజంగానే చాలు.

హోటలు మాత్రం మొదటి రాత్రి దండగే అయింది. మార్క్ట్ అనే పెద్ద కూడలికి దగ్గరగా ఉండాలని 170 యూరోలు పెట్టాను. లిఫ్టు లేదని బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున రాశారు, నేను చూసుకోలేదు. మూడో అంతస్తుకి మెట్లు అటక నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ మధ్యలో కూలబడింది. కింద గది ఉంటే ఇవ్వమని అడిగితే రిసెప్షన్ అబ్బాయి చక్కగా నవ్వాడు, అంతే. రెండో రాత్రి సింట్ అన్నా పేటలో ఒకరి ఇంట్లో గది: 115 యూరోలు, నేల అంతస్తు, పెరట్లోకి తలుపు. మార్క్ట్ నుంచి నడిస్తే పావుగంట కూడా పట్టదు. రాళ్ళు పరిచిన వీధులు కాబట్టి చక్రాల సూట్‌కేసు తేవద్దు, భుజానికి తగిలించుకునే సంచీ మేలు.

మార్క్ట్‌లోని గంట స్తంభం 83 మీటర్లు, 366 మెట్లు. మా ఆవిడ ఎక్కొచ్చింది. నేను అమ్మకి తోడు అన్న సాకుతో కింద ఉండిపోయాను. పడవ అరగంట తిప్పుతుంది. నడిపేవాడు మూడు భాషల్లో అవే జోకులు వేస్తాడు. అయినా ఎక్కండి. వంతెనలు ఎంత కిందికి ఉంటాయో, ఇళ్ళ గోడలు నీళ్ళలోంచే ఎలా లేస్తాయో గట్టు మీంచి తెలియదు. ఫొటోల్లో చూసే మలుపు పేరు రోజెన్‌హూడ్‌కాయ్. ఒకప్పుడు జపమాలలు అమ్మిన రేవట. మధ్యాహ్నం అక్కడ కాలు పెట్టే చోటు లేదు. మర్నాడు ఏడింటికి వెళ్తే మేమూ, రెండు బాతులూ. అవర్ లేడీ చర్చిలో మైకెలాంజెలో చెక్కిన పాలరాతి తల్లీబిడ్డల విగ్రహం ఉంది, టికెట్టుకి తగిన చోటు.

ఈ ఊరు ఇలా చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం దరిద్రం. సముద్రం నుంచి ఓడలొచ్చే జ్విన్ పాయ ఇసుకతో పూడిపోయింది. బేరాలు ఆంట్‌వెర్ప్‌కి తరలిపోయాయి. పాతవి కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేక ఇళ్ళు మిగిలాయి. 2000లో యునెస్కో ఆ పాత పట్నాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

సింట్ అన్నా లేసు అల్లేవాళ్ళ పేట. పొట్టి ఇళ్ళు, కిటికీల్లో తెల్లటి తెరలు, వీధిలో మనిషి అలికిడి తక్కువ. లేసు కేంద్రంలో మధ్యాహ్నాలు అల్లి చూపిస్తారు. దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చెక్క పుల్లల్ని జతలు జతలుగా ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ, మెలివేస్తూ పోతారు. గదంతా టకటక చప్పుడు. అమ్మది పాలకొల్లు. నరసాపురం లేసు అల్లే ఇళ్ళ మధ్య పెరిగింది. ఒక పెద్దావిడ చేతుల్నే కళ్ళార్పకుండా చూసి, "మనవాళ్ళు ఒక్క కొక్కెం సూదితో లాగించేస్తార్రా, ఈవిడకి ఇన్ని పుల్లలా!" అంది. పక్కన కొట్లో అరచేతంత ముక్క ధర చూసి మెల్లిగా తిరిగి పెట్టేసింది. మార్క్ట్ చుట్టుపక్కల చవగ్గా దొరికే లేసుల్లో చాలావరకు మరనేత, లేదా బయటి దేశాలవి. అడిగి కొనండి.

పేట చివర క్రూయిస్‌వెస్ట్ గట్టు మీద నాలుగు గాలిమరలున్నాయి. 1770లో కట్టిన ఒక మర ఇప్పటికీ పిండి విసురుతుంది. మేం వెళ్ళేసరికి మూసేశారు, మట్టిదిబ్బ మీద కూర్చుని పులిహోర తిన్నాం.

తిండి సంగతి చెప్పాలి. బెల్జియం బంగాళాదుంప వేపుళ్ళు చాలాచోట్ల ఆవు కొవ్వులో వేయిస్తారు. "రుండ్‌వెట్" అంటే అదే. మేం అడిగిన మూడో బండివాడు నూనె అన్నాడు, అప్పుడు కొన్నాం. ఒక రెస్టారెంటులో మామూలు నీళ్ళు అడిగితే సీసా తెచ్చి ఆరు యూరోలు వేశారు. టాయిలెట్టుకి చిల్లర దగ్గరుంచుకోండి.

చివరి పొద్దున గోడ్స్‌హాయిజెన్ చూశాం. పేద ముసలివాళ్ళ కోసం వందల ఏళ్ళ కిందట ధర్మంగా కట్టించిన చిన్న తెల్ల ఇళ్ళు, మధ్యలో ఉమ్మడి తోట. ఇప్పటికీ వృద్ధులే ఉంటారు. తలుపు తీసున్న చోట లోపలికి వెళ్ళి, గొంతు తగ్గించి చూసి రావచ్చు. ఒక కిటికీలోంచి ముసలావిడ చెయ్యి ఊపింది, అమ్మా ఊపింది. బయటికొచ్చాక అడిగింది, "రోజూ ఇంతమంది వచ్చి చూస్తుంటే పాపం వీళ్ళు బట్టలెక్కడ ఆరేసుకుంటార్రా?"