సెకండ్‌హ్యాండ్ మినీ ట్రక్కు కొంటున్నారా? ఖాళీ బండి నడిపి చూసి డబ్బులిచ్చేయకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత మినీ ట్రక్కు కోసం తిరుగుతున్న అన్నదమ్ములందరికీ ఒక మాట. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఆ బండిని లోడుతో, ఎత్తు మీద, పై గేరులో ఒక్కసారి నడిపి చూడండి. నేను చూడలేదు. రూ.3.40 లక్షలు పోసి కొన్న బండికి పదో రోజుకే గేర్‌బాక్సు దింపించాల్సి వచ్చింది.

మాది సోంపేట దగ్గర. ఉద్దానం కొబ్బరికాయలు విజయనగరం, ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు తోలుతుంటాను. శ్రీకాకుళంలో ఒక బ్రోకరు ఆరేళ్ల డీజిల్ బండి చూపించాడు. టైర్లు బాగున్నాయి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది, ఇన్సూరెన్సు ఉంది, సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. ఖాళీ బండిని హైవే మీద నాలుగు కిలోమీటర్లు నడిపించి, "ఇంకా ఏటి బాబూ చూస్తావు, గుర్రంలాగ ఉంది కదా" అన్నాడు. నిజంగా అలాగే ఉంది, ఖాళీగా ఉన్నంతసేపూ.

మొదటి లోడుకే తేడా తెలిసింది. నాతవలస వైపు వస్తూ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంజిన్ మోత పెరుగుతోంది, స్పీడు ముల్లు మాత్రం నలభై దాటడం లేదు. డీజిల్ సరిగ్గా అందడం లేదనుకున్నాను. దారిలో ఒక మెకానిక్ కూడా అదే అని డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు. డబ్బులు పోయాయి, జబ్బు పోలేదు.

తర్వాత అరకు లోడు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక సెకండ్ గేరులో కూడా బండి ఈడ్చుకుంటూ వెళ్తోంది. ఇంతలో కాలిన వాసన. వెనకాల పీచు కాయలు ఉన్నాయి కదా, ఎక్కడ అంటుకుందోనని గుండె ఆగినంత పనైంది. బండి ఆపి, తాడు విప్పి, టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి చూశాను. కాయలన్నీ చల్లగా ఉన్నాయి. వాసన కిందనుంచి, గేర్‌బాక్సు దగ్గరనుంచి వస్తోంది. ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించే క్లచ్ ప్లేటు కాలుతోంది.

ఎస్.కోటలో పెద్దాయన, పాత లారీ మేస్త్రి, ఒక్క ముక్కలో తేల్చేశాడు. తొక్కితే మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. మోత కూడా పెరగకుండా ఇంజిన్ గుక్క పట్టినట్టుంటే అప్పుడు డీజిలో, గాలో చూసుకోవాలి. గేరు పడగానే కింద టక్‌మని కొడితే గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు (జాయింట్లు) చూడాలి. మన మినీ ట్రక్కుల్లో చాలావాటికి ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు ఉండదు, కాబట్టి చెవితోనే పట్టుకోవాలి. ఇది ముందే తెలిసుంటే నేను ఫిల్టర్లకు డబ్బు తగలేసేవాణ్ణి కాదు.

గేర్‌బాక్సు దింపి చూపించాడు. ప్లేటు లైనింగ్ రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు. పైగా క్రాంకు వెనక ఆయిల్ సీలు కారి ప్లేటు అంచు తడిసి ఉంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే మళ్లీ అదే కథ అవుతుందన్నాడు. క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్, సీలు, ఫ్లైవీల్ లేతు పని, కూలీ కలిపి రూ.19,600. ఐదు రోజులు లోడు లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది క్లచ్ కేబుల్. దాని నిండా ఎండిన బురద, గ్రీజు. అడ్జస్ట్‌మెంట్ నట్టు దగ్గర అంగుళం మేర మరలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాకే క్లచ్ పట్టుకుంటుంది. అది కనపడకుండా అమ్మేముందు కేబుల్ వదులు చేశారు. బండి కిందికి వంగి ఒక్క నిమిషం చూసుంటే నాకే తెలిసేది.

మీరు చూసేటప్పుడు థర్డ్ గేరులో పాతిక, ముప్పై స్పీడులో ఉండగా ఎత్తు మీద ఒక్కసారి పూర్తిగా తొక్కండి. మోతతోపాటు బండీ ముందుకు లాగాలి. లోడు వెయ్యడానికి ఒప్పుకోకపోతే, చదునైన చోట హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, టాప్ గేరు వేసి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆ బండి క్లచ్ పోయినట్టే. ఇది ఒక్కసారే చెయ్యండి, పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది. ఎఫ్‌సీ ఉంది కదా అని ధీమా పడకండి, అక్కడ లోడు వేసి ఘాట్ ఎక్కించి చూడరు.

బ్రోకరుకు ఫోను చేస్తే, "అమ్మిననాడు బాగానే ఉంది కదా" అన్నాడు. కాగితం మీద ఏమీ రాయించుకోలేదు, నేను ఏమీ అనలేకపోయాను. క్లచ్ మీద ఏ కాస్త అనుమానం ఉన్నా సెట్టు ఖర్చు ముందే ధరలో తగ్గించమనండి. తగ్గించనంటే వేరే బండి చూసుకోండి. నరసన్నపేట, టెక్కలి, పలాస చుట్టుపక్కల ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, ఆదివారాలు నాకు లోడు ఉండదు, వచ్చి పక్కన కూర్చుంటాను.