ఓవెన్ థర్మామీటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ర్యాక్‌కి తగిలించే గుండ్రటి డయల్ థర్మామీటర్ ఇది. కొని ఏళ్లయింది. ఇంట్లో ఉస్మానియా బిస్కెట్లు చేసుకునేవాళ్లు ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) కొన్నాక మొదట కొనాల్సింది ఇదేనని గట్టిగా చెబుతాను.

మా ఓటీజీ నాబ్ 180 దగ్గర పెడితే, రాడ్లు ఎర్రగా కాలి ఆరేసరికి డయల్ 200 దాటుతుంది. మళ్లీ వెలిగేలోపు 165కి దిగుతుంది. చెడిపోయి కాదు, వేడిని బట్టి రాడ్లని ఆర్పి వెలిగించే థర్మోస్టాట్ పనిచేసే తీరే అంత. అందుకే రాడ్లు రెండోసారి వెలిగి ఆరేదాకా, సుమారు 20 నిమిషాలు ప్రీహీట్ చేస్తాను. ముల్లు 170 చుట్టూ తిరగాలి. మాకు నాబ్ 165 దగ్గర కుదిరింది, మీ ఓవెన్‌కి ఇంకోచోట కుదరొచ్చు. థర్మామీటర్ మాత్రం ట్రే ఎత్తులోనే ఉండాలి. తలుపు పక్కన ఒక అంకె, వెనక ఇంకో అంకె చూపిస్తుంది. ఆ తేడా కళ్లారా చూశాక, సగం టైమయ్యాక ట్రే తిప్పకుండా ఉండలేను.

ఓవెన్ ఎంత కుదిరినా పిండి వెచ్చగా ఉంటే లాభం లేదు. వెన్న 32–35 డిగ్రీలకి కరిగిపోతుంది. మే నెలలో హైదరాబాద్ వంటింట్లో ఆ వేడి మామూలే! అలాంటి పిండి ట్రేలో పరుచుకుపోయి, అంచులు మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. అందుకని పిండికీ సూది థర్మామీటర్ గుచ్చుతాను. 15 డిగ్రీల దగ్గరుంటే బిస్కెట్ కోసిన ఆకారంలోనే నిలబడుతుంది. మరీ చల్లగా 5 డిగ్రీలుంటే కోసేటప్పుడే అంచులు పగులుతాయి, పైన రంగొచ్చినా లోపల తడి ఆరదు.

పిండిని ముద్దగా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పైన గట్టిపడినా లోపల మెత్తగానే ఉంటుంది. రెండు బటర్ పేపర్ల మధ్య 8 మిల్లీమీటర్ల మందాన ఒత్తి పెడితే అంతా ఒకేలా చల్లబడుతుంది, తీసి కోసుకోవడమే. రెండో వాయిని వేడి ట్రే మీద పెట్టకండి. ట్రేని కుళాయి కింద చల్లార్చి, తుడిచి వాడండి. లేకపోతే ఓవెన్‌లోకి వెళ్లకముందే అడుగు కరగడం మొదలవుతుంది.

లోపాలూ ఉన్నాయి. ముల్లు నిదానంగా కదులుతుంది, తలుపు తీసి మూశాక కొన్ని నిమిషాలు ఆగితేగానీ సరైన అంకె తెలియదు. గాజు మీద వెన్న ఆవిరి పట్టి అంకెలు మసకబారతాయి, వంటసోడా తడిపి రుద్దితే పోతుంది. నీళ్లలో మాత్రం ముంచకండి.