నర్సింగ్ కాలేజీలో రక్తహీనత ప్రాజెక్టు: విద్యార్థుల వైపు నుంచి

వరంగల్ దగ్గరి ఒక నర్సింగ్ కాలేజీ బీఎస్సీ విద్యార్థులతో 6 వారాల రక్తహీనత ప్రాజెక్టు చేయిస్తోంది. 8 మందికి ఒక ఊరు, 40 ఇళ్లు. హిమోగ్లోబిన్ చూసి, సలహా చెప్పి, ఫైలు పెట్టాలి. దీంతో చేతికి పని వస్తుంది, అందులో అనుమానం లేదు. మార్కులు మాత్రం ఫైలుకే పడుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది సాహ్లి పరీక్ష, అంటే రంగు పోల్చి హిమోగ్లోబిన్ కొలిచే పద్ధతి. ట్యూబులో 20 గీత దాకా ఎన్/10 (పలుచటి) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో 20 మైక్రోలీటర్ల రక్తం. అది గోధుమరంగుకు మారేదాకా 10 నిమిషాలు ఆగి, డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా పోస్తూ రంగు పక్కనున్న గాజు రంగుతో సరిపోయేలా చేసి గీత చదవాలి. ఊళ్లో ఇది రెండుచోట్ల చెడుతుంది. రక్తం రావట్లేదని వేలు పిండితే కణజాల ద్రవం కలిసి రీడింగ్ తగ్గుతుంది. పక్కింటికి పోవాలన్న తొందరలో 4 నిమిషాలకే నీళ్లు పోస్తే గోధుమరంగు పూర్తిగా తేలదు, అప్పుడూ తక్కువే వస్తుంది. అలా లేని రక్తహీనత రిజిస్టర్‌కు ఎక్కుతుంది.

టైమింగ్ అసలు బాగాలేదు. పత్తి ఏరే రోజుల్లో కాలేజీ బస్సు పదింటికి ఊరు చేరేసరికి తలుపులకు తాళాలు. ఇంట్లో ముసలోళ్లే దొరుకుతారు, చూడాల్సిన వయసు ఆడవాళ్లు చేనులో ఉంటారు. ఆశ కార్యకర్తను ముందురోజే అడిగి, పొద్దున ఏడింటికి పోవాలి.

ప్రశ్నల పత్రం కూడా మార్చాలి. ‘అలసట ఉందా’ అంటే కూలి చేసే మనిషి లేదని ఎలా అంటుంది? ‘నాలుగు మెట్లు ఎక్కితే దమ్ము వస్తుందా, కండ్లు తిరుగుతున్నయా’ అని అడిగితే జవాబు వస్తుంది. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లబడుతుందని మొదటిరోజే చెప్పాలి, లేకుంటే భయపడి మానేస్తారు. మాత్ర మీద చాయ్ తాగొద్దని కూడా.

బృందానికంతా ఒకే మార్కు వేయడం అన్యాయం. ఒక్కొక్కరితో ఎగ్జామినర్ ముందు ఒక్క పరీక్ష చేయిస్తే ఎవరికి వచ్చో, ఎవరికి రాదో తేలిపోతుంది.

పరీక్షలన్నీ మొదటి వారంలోనే ముగిస్తే ఆరో వారంలో అవే ఇళ్లలో మళ్లీ చూడొచ్చు. మాత్రలు సరిగ్గా వాడితే 4 వారాల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు సుమారు 1 గ్రాము పెరగాలి. పెరగని ఇంట్లో కూర్చొని ఎందుకని అడగడానికి ఇప్పటి షెడ్యూల్లో ఒక్క రోజు కూడా లేదు.