జీఆర్86: బేస్ మోడల్ చాలా, ప్రీమియం కావాలా?

టొయోటా జీఆర్86 కొనాలని నిశ్చయించుకున్న వారికి షోరూమ్‌లో ఎదురయ్యే మొదటి ప్రశ్న బేస్ మోడల్ తీసుకోవాలా, ప్రీమియం తీసుకోవాలా అన్నది. అమెరికా మార్కెట్లో ఈ కారు ప్రధానంగా ఈ రెండు రకాలుగా, అంటే రెండు ట్రిమ్‌లుగా, దొరుకుతుంది. 2022 మోడల్‌గా అమ్మకానికి వచ్చినప్పుడు రెండింటి ధరల మధ్య తేడా పదో వంతు లోపే ఉండేది. అంత కొద్ది తేడాకు పెద్ద చక్రాలు, తోలు సీట్లు, మెరుగైన టైర్లు వస్తున్నాయి కదా అని చాలామంది మరో మాట లేకుండా ప్రీమియం వైపు మొగ్గుతారు. రెండింటినీ ఒకే రోడ్ల మీద నడిపి చూసిన తరువాత నా అభిప్రాయం మాత్రం బేస్ మోడల్ దగ్గర స్థిరపడింది. స్పోర్ట్స్ కారులో అదనపు డబ్బు పెట్టవలసింది తరువాత మన చేతులతో మార్చుకోలేని వాటికి. జీఆర్86లో అలాంటివి, ఒకటి రెండు తప్ప, అన్నీ బేస్ మోడల్‌లోనే ఉన్నాయి.

కంపెనీ కరపత్రాలు తేడాలను పెద్ద అక్షరాలతో, పోలికలను చిన్న అక్షరాలతో అచ్చు వేస్తాయి కనుక ముందుగా పోలికల సంగతి చూడాలి. సుబారు సంస్థ జపాన్‌లోని గున్మా కర్మాగారంలో తయారుచేసే ఈ కారుకు రెండు ట్రిమ్‌లలోనూ ఒకటే ఇంజిన్: 2,387 సీసీల నాలుగు సిలిండర్ల బాక్సర్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకున్నట్టు ఉండేది), గాలిని లోపలికి బలంగా నెట్టే టర్బో లేనిది, 12.5:1 కంప్రెషన్‌తో 7,000 ఆర్‌పీఎం వద్ద 228 హార్స్‌పవర్ ఇచ్చేది. అంతకన్నా ముఖ్యమైన అంకె టార్క్‌ది, అంటే ఇంజిన్ తిప్పుడు బలానిది. గరిష్ఠ టార్క్ అయిన 250 న్యూటన్ మీటర్లు 3,700 ఆర్‌పీఎం వద్దనే చేతికొస్తాయి. పాత తరం రెండు లీటర్ల ఇంజిన్‌లో దాని కోసం 6,000 దాటేదాకా ఆగవలసి వచ్చేది, పైగా మధ్యలో 4,000 దగ్గర ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు అనిపించేది. ఆ లోటు తీరడమే ఈ తరంలో వచ్చిన అతి పెద్ద మార్పు, ఆ మార్పు తక్కువ ధర పెట్టిన వారికీ ఎక్కువ ధర పెట్టిన వారికీ సమానంగా దక్కింది. ఆరు గేర్ల మాన్యువల్, స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేక్ డిస్క్‌లు కూడా రెండింటికీ ఒకటే. మాన్యువల్ గేర్లున్న బేస్ కారు బరువు సుమారు 1,275 కిలోలు. ఈ రోజుల్లో కొత్త కార్లలో ఇంత తేలికైనవి చాలా అరుదు.

ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు చక్రం మీద బరువు తగ్గుతుంది, యాక్సిలరేటర్ నొక్కితే ఆ చక్రం ఊరికే తిరిగిపోతుంది, బయటి చక్రానికి పట్టు ఉండి కూడా దానికి బలం అందదు. జీఆర్86లో ఉన్న టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ తన లోపలి గేర్ల ఒత్తిడితోనే పట్టున్న చక్రానికి ఎక్కువ టార్క్‌ను మళ్లిస్తుంది. మలుపు మధ్యలో కాలు నొక్కినప్పుడు కారు ముందుకు దూసుకుపోతూనే ముక్కును లోపలికి తిప్పుకునే ఆ గుణం దీని నుంచే వస్తుంది. వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారుకు ఇది ప్రాణం వంటిది, దాన్ని బేస్ మోడల్‌లోనూ ఇవ్వడం ఈ కారు తయారుచేసిన వారి మీద నాకు గౌరవం పెంచింది. అందరూ అలా ఇవ్వరు. అమెరికాలో అమ్మే మాజ్దా ఎంఎక్స్-5 మియాటాను తీసుకుంటే, స్పోర్ట్ అనే బేస్ ట్రిమ్‌కు ఈ డిఫరెన్షియల్ లేదు. మాన్యువల్ గేర్లతో వచ్చే క్లబ్ ట్రిమ్‌కు ఉంది, దానితో పాటు బిల్‌స్టైన్ కంపెనీ డ్యాంపర్లూ (స్ప్రింగుల ఊగిసలాటను అదుపు చేసేవి) ఉన్నాయి. మియాటా కొనేవారు నన్ను సలహా అడిగితే నేను తడుముకోకుండా క్లబ్ తీసుకోమంటాను. వెనక ఇరుసును విప్పించి డిఫరెన్షియల్ మార్పించడం ఎవరి ఇంటి షెడ్డులోనో ఒక మధ్యాహ్నంలో అయ్యే పని కాదు, ఆ ఖర్చు కూడా ట్రిమ్‌ల మధ్య తేడాతో పోలిస్తే గిట్టుబాటు కాదు.

ఇక టైర్ల విషయానికి వద్దాం. రెండు జీఆర్86ల మధ్య నడకలో కనిపించే తేడా అంతా అక్కడే ఉంది. బేస్ మోడల్‌కు 17 అంగుళాల చక్రాల మీద మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వస్తాయి. ప్రీమియంకు 18 అంగుళాల చక్రాల మీద అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ 4 వస్తాయి. రెండింటి వెడల్పూ 215 మిల్లీమీటర్లే. కానీ ప్రైమసీ అన్నది సుఖంగా, నిశ్శబ్దంగా, ఎక్కువ కాలం నడవడానికి చేసిన టైరు. పైలట్ స్పోర్ట్ వేగంగా మలుపులు తిరగడానికి చేసిన టైరు. పొడి రోడ్డు మీద ఒకే మలుపును రెండు కార్లతో తిరిగితే ప్రీమియం ఎక్కువ వేగాన్ని ఏ ఇబ్బందీ లేకుండా మోస్తుంది, బ్రేకు నొక్కినా తక్కువ దూరంలో ఆగుతుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ల్యాప్ సమయమే కొలమానం అయితే మెరుగైనది ప్రీమియమే.

అయితే ఈ కారు అందం కేవలం వేగంలో లేదు. ప్రైమసీ టైర్లున్న బేస్ కారును తడిసిన ట్రాక్ మీద రెండో గేర్‌లో ఒక పొడవాటి మలుపులోకి తీసుకెళ్లి, మధ్యలో యాక్సిలరేటర్‌ను మరికాస్త నొక్కితే జరిగేది చూడాలి. వెనక భాగం బయటికి జరగడం కళ్లకు కనిపించక ముందే సీటు ద్వారా నడుముకు తెలుస్తుంది. చక్రాలు ఒక్కసారిగా పట్టు వదలవు, కొంచెం కొంచెంగా సడలిస్తాయి. స్టీరింగ్‌ను పావు చుట్టు ఎదురు తిప్పి, కాలిని అదే ఒత్తిడిలో నిలిపితే కారు ఆ కోణంలోనే నిలబడి మలుపు పూర్తిచేస్తుంది. ఇదంతా జరిగేది నేర్చుకునేవారికి ఆలోచించే వ్యవధి దొరికేంత తక్కువ వేగంలో. పైలట్ స్పోర్ట్ టైర్లతో ఆ హద్దు దాకా వెళ్లాలంటే చాలా ఎక్కువ వేగం కావాలి, హద్దు దాటిన తరువాత సర్దుకునే సమయం తక్కువ. కారు నడపడంలో మెళకువలు నేర్చుకోవాలనే కోరికతో దీన్ని కొనేవారికి తక్కువ పట్టున్న టైరు లోపం కాదని, మంచి గురువని నేను నమ్ముతున్నాను. ఇదంతా ట్రాక్ మీదనో, ఇతర వాహనాలు రాని మూసిన స్థలంలోనో చేయవలసిన పని. మామూలు రోడ్డు మీద, కారు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్‌ను ఎప్పుడూ ఆపకూడదు.

పైగా టైరు అరిగిపోయే వస్తువు. ఇష్టంగా నడిపేవారి కారులో మొదటి జత ఎలాగూ ఎంతో కాలం నిలవదు, అరిగిన రోజున అదే 17 అంగుళాల చక్రం మీద పైలట్ స్పోర్ట్ 4 స్థాయి టైరునే వేయించుకోవచ్చు. అప్పుడు ప్రీమియం పట్టు చేతికొస్తుంది, మెత్తదనమూ పోదు. లెక్క వేసి చూస్తే బేస్ కారు టైరు పక్క గోడ ఎత్తు సుమారు 97 మిల్లీమీటర్లు, ప్రీమియంది 86. గతుకులు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల అతుకులు దాటేటప్పుడు ఆ 11 మిల్లీమీటర్ల రబ్బరు చేసే మేలు కాగితం మీద చూసినదానికన్నా ఎక్కువ. గుంతలో పడ్డప్పుడు చక్రం అంచు వంగే ప్రమాదం తక్కువ, 17 అంగుళాల టైరు ఖరీదూ సాధారణంగా తక్కువే. ట్రాక్‌కు తరచుగా వెళ్లేవారికి ఈ చివరి అంశం ఏడాది తిరిగేసరికి పెద్ద మొత్తమే అవుతుంది.

లోపలి హంగుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ప్రీమియంలో తోలు, అల్ట్రాస్వేడ్ కలిపి కుట్టిన సీట్లు, వాటికి వేడెక్కే సౌకర్యం, ఆరింటికి బదులు ఎనిమిది స్పీకర్లు, వెనక డిక్కీ మూత మీద బాతు తోకలా పైకి లేచిన స్పాయిలర్ వస్తాయి. సీటు ఆకారం, ఒంటిని పట్టి ఉంచే తీరు బేస్‌లోనూ చక్కగా ఉన్నాయి. గుడ్డ సీటు ఎండలో కాలదు, మలుపుల్లో ఒళ్లు జారనివ్వదు. ఎనిమిది అంగుళాల టచ్‌స్క్రీన్, డ్రైవరు ముందుండే ఏడు అంగుళాల డిజిటల్ మీటరు రెండింటిలోనూ ఒకటే. వెనక సీటు మడిచి నాలుగు ట్రాక్ టైర్లు వేసుకెళ్లడానికీ ట్రిమ్‌తో సంబంధం లేదు. చలి ప్రాంతాల్లో ఉండేవారికి వేడెక్కే సీట్లు నిజంగా విలువైనవని మాత్రం ఒప్పుకుంటాను.

ప్రీమియం పక్షాన నాకు బలంగా తోచిన వాదన అసలు సీట్లదీ కాదు, చక్రాలదీ కాదు. హెడ్‌లైట్లదీ, బ్లైండ్ స్పాట్ మానిటర్‌దీ. ప్రీమియం హెడ్‌లైట్లు స్టీరింగ్ తిరిగిన దిశకు తమ వెలుగును మళ్లిస్తాయి. రాత్రిపూట వంకర తిరిగిన రోడ్ల మీద ఎక్కువగా నడిపేవారికి మలుపు అవతల ఏముందో ఒక్క క్షణం ముందు కనిపించడం చిన్న విషయం కాదు. ఈ కారు పైకప్పును మోసే వెనక స్తంభాలు లావు, వెనక పక్క అద్దాలు చిన్నవి. లేన్ మారేటప్పుడు మెడ తిప్పి చూసినా పక్కన వచ్చే వాహనం కొంతసేపు ఆ స్తంభం చాటున ఉండిపోగలదు. ప్రీమియంలో అటువైపు అద్దంలో దీపం వెలిగి హెచ్చరిస్తుంది, రివర్స్‌లో పార్కింగ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు అడ్డంగా వచ్చే వాహనాలనూ పసిగడుతుంది. టైర్లలా వీటిని తరువాత కొని తగిలించుకోవడం ఆచరణలో సాధ్యం కాదు, సెన్సర్లూ వైరింగూ ఫ్యాక్టరీలోనే కుదరాలి. ఇంట్లో ఇదొక్కటే కారైతే, రోజూ రద్దీ హైవే మీద ఉద్యోగానికి వెళ్లి రావలసి ఉంటే, నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి ప్రీమియం తీసుకోవడమే సబబు.

ఈ తీర్పు జీఆర్86కే పరిమితమని కూడా గట్టిగా చెప్పాలి. 2019లో వచ్చిన 992 తరం పోర్షే 911లో కరేరాకు, కరేరా ఎస్‌కు మూడు లీటర్ల ఇంజిన్ ఒకటే అయినా టర్బోలు వేరు. కరేరాకు 379 హార్స్‌పవర్ అయితే ఎస్‌కు 443, బ్రేక్ డిస్క్‌లు కూడా 330 మిల్లీమీటర్లకు బదులు 350. ఆ తరం మొదట్లో మాన్యువల్ గేర్లు ఎస్‌కే ఇచ్చారు, క్లచ్ పెడల్ కావాలనుకున్నవారికి బేస్ కరేరాలో దారే లేకపోయింది. 2024 ఫోర్డ్ మస్టాంగ్‌లోనూ అంతే, నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్‌కు ఆటోమేటిక్ మాత్రమే, మాన్యువల్ కావాలంటే వీ8 ఉన్న జీటీకి వెళ్లక తప్పదు. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ మారే చోట పై ట్రిమ్‌కు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది.

జీఆర్86కు 2024 నుంచి బ్రెంబో బ్రేకులు, సాక్స్ డ్యాంపర్లతో పర్ఫార్మెన్స్ ప్యాకేజీ కూడా వచ్చింది. కవల కారైన సుబారు బీఆర్‌జడ్‌కు అదే ఏడాది బ్రెంబోలతో టీఎస్ అనే ట్రిమ్ చేరింది. ట్రాక్‌కు నెల నెలా వెళ్లే అలవాటున్నవారు ప్రీమియం సీట్ల కన్నా వీటి గురించి ముందు ఆలోచించాలి. సాధారణ బ్రేకులు రోడ్డుకు ధారాళంగా సరిపోతాయి, కానీ ట్రాక్ మీద వరసగా కొన్ని చుట్లు గట్టిగా తిరిగితే వేడికి పెడల్ మెత్తబడడం మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారికి అంత అవసరం లేదు. నేనైతే బేస్ కారు తీసుకుని, మిగిలిన డబ్బులో కొంతతో ఎక్కువ వేడిని తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు, మంచి బ్రేక్ ఆయిల్ వేయించి, ఇంకొంత డ్రైవింగ్ శిక్షణకు కట్టి, ప్రైమసీ టైర్లను పూర్తిగా అరిగేదాకా అలాగే ఉంచుతాను.